బుడగ పుట్టే చోటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి గౌడ్ చెట్టు దిగేసరికి లొట్టిలో కల్లు నురగలు కక్కుతూ ఉంటుంది. ఆటల్లో గెలిచినవాళ్లు చిమ్మే షాంపేన్ సీసా కూడా నురగలే కక్కుతుంది. ఈ రెండూ ఒకటేనా, లేక షాంపేన్‌లోకి సోడాలో మాదిరిగా గ్యాస్ ఎక్కిస్తారా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: పులియడం వరకు రెండూ ఒకటే. తాటి గెల నుంచి కారిన నీరాలో ఈస్ట్ చేరి, అందులోని చక్కెరను తిని, ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతుంది. ద్రాక్షరసంలో జరిగేది కూడా ఇదే. లొట్టి మూతి తెరిచే ఉంటుంది కాబట్టి ఆ వాయువు నురగై పొంగి గాలిలో కలిసిపోతుంది. పొద్దున దించిన కల్లు నాలుక మీద చురుక్కుమనడానికి, సాయంత్రానికి ఆ చురుకు చచ్చి పులుపు మిగలడానికి కారణం ఇదే. మామూలు వైన్ చేసేటప్పుడు కూడా వాయువును ఇలాగే పోనిస్తారు.

షాంపేన్ ప్రత్యేకత రెండోసారి పులియబెట్టడంలో ఉంది. పారిస్‌కు తూర్పున ఉన్న షాంపేన్ ప్రాంతంలో ప్రధానంగా షార్డొనే, పినో న్వార్, మ్యూనియే అనే మూడు రకాల ద్రాక్షలు వాడతారు. కాయలో పులుపు ఇంకా నిండుగా ఉన్నప్పుడే కోసి, 10 లేదా 11 శాతం ఆల్కహాల్ ఉండే పలుచని వైన్ చేస్తారు. దాన్ని విడిగా తాగితే పళ్లు పులుస్తాయే తప్ప మెచ్చుకోవలసింది ఏమీ ఉండదు. వేర్వేరు తోటల, వేర్వేరు ఏడాదుల వైన్లను అందులో కలిపి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కొంత ఈస్ట్ చేర్చి, మందపాటి సీసాల్లో నింపి మూత బిగిస్తారు. 750 మిల్లీలీటర్ల సీసాకు లెక్క వేస్తే ఇది 18 గ్రాములు, అంటే నాలుగు చిన్న చెంచాలు. లీటరులో 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక వాతావరణ పీడనం పుడుతుంది కాబట్టి, ఆ నాలుగు చెంచాలు సీసాలో ఆరు వాతావరణాల ఒత్తిడిని నింపుతాయి. కారు టైరులో మనం పట్టించేది 30 నుంచి 35 పాయింట్ల గాలి అయితే, ఈ సీసాలో ఉండేది 80 పాయింట్ల పైమాటే. డోం పెరిన్యో అనే సన్యాసి షాంపేన్‌ను కనిపెట్టాడనే కథ మీరు వినే ఉంటారు. ఆయన కాలంలో బుడగలు వైన్‌కు పట్టిన దోషమే, వాటిని పోగొట్టడానికే అక్కడివారు పాటుపడ్డారు. వైన్‌కు చక్కెర చేర్చి బుడగలు రప్పించడం గురించి ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ మెరెట్ అనే వైద్యుడు 1662లోనే వ్యాసం రాసి శాస్త్రవేత్తల సభలో చదివాడు.

చక్కెర అయిపోయాక ఈస్ట్ చచ్చి సీసా అడుగున మడ్డిగా దిగుతుంది. దాన్ని వెంటనే తీసివేయరు, ఎందుకంటే రుచి అంతా అక్కడి నుంచే వస్తుంది. లేబుల్ మీద పంట సంవత్సరం లేని షాంపేన్ కనీసం 15 నెలలు, అందులో 12 నెలలు మడ్డితోనే, నేలమాళిగలో ఉండాలని నిబంధన. ఒకే ఏడాది పంటతో చేసినదైతే 3 సంవత్సరాలు ఉండాలి. ఆ కాలంలో చచ్చిన ఈస్ట్ కణాలు మెల్లగా వైన్‌లో కరిగి, కాల్చిన రొట్టె, బాదం పప్పు వాసనలను ఇస్తాయి. ఆ తర్వాత సీసాలను చెక్క పలకల రంధ్రాల్లో మెడ కిందికి ఉండేలా గుచ్చి, రోజూ కొద్దిగా తిప్పుతూ, కొద్దిగా నిటారు చేస్తూ, వారాల తరబడి మడ్డిని మూతి దగ్గరికి జారుస్తారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో క్లికో అనే వితంతువు నడిపిన సంస్థలో రూపు దిద్దుకున్న ఈ పనిని ఇప్పుడు చాలాచోట్ల యంత్రం వారం రోజుల్లో ముగిస్తున్నది. చివరికి సీసా మెడను సున్నాకు 25 డిగ్రీల దిగువన ఉండే చల్లని ద్రావణంలో ముంచితే మడ్డి మంచుబిళ్లగా గడ్డకడుతుంది, మూత తీయగానే లోపలి ఒత్తిడే దాన్ని బయటికి తన్నుతుంది. ఏర్పడిన వెలితిని కొంచెం వైన్, చక్కెర పాకంతో నింపి, బిరడా కొట్టి, తీగ బిగిస్తారు. ఇంత పనిలో గ్యాస్ ఎక్కించడం ఎక్కడా లేదు.

ప్రశ్న: మా అల్లుడు బెంగళూరు నుంచి రెండు సీసాలు తెచ్చినాడు. ఇటలీ బుడగల వైన్ ప్రొసెక్కో బేరిపండు వాసన వేసింది, నాసిక్ ప్రాంతంలో చేసిన ‘బ్రూట్’ అనే తీపి తక్కువ వైన్‌లో రొట్టె వాసన వచ్చింది. రెండింట్లో బుడగలు ఒకటే కదా, ఈ తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: మీ ముక్కు సరిగ్గానే పట్టుకున్నది. ప్రొసెక్కోలో రెండోసారి పులియడం సాధారణంగా సీసాలో కాక, ఒత్తిడిని తట్టుకునే పెద్ద ఉక్కు ట్యాంకులో జరుగుతుంది. ఇటలీకి చెందిన మార్తినొత్తి 1895లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. ఫ్రాన్సులో షార్మా 1907లో దాన్ని మెరుగుపరచగా, ఇప్పుడు ఎక్కువమంది ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ట్యాంకులో పులిసిన వైన్‌ను ఒత్తిడి జారిపోకుండా వడగట్టి సీసాల్లో నింపుతారు. మడ్డితో సహవాసం కొన్ని వారాలే కావడంతో రొట్టె వాసన పుట్టే వ్యవధి ఉండదు, ద్రాక్ష సొంత వాసన ముందుకు వస్తుంది. ఇటలీ ఈశాన్యాన పండే గ్లేరా ద్రాక్షకు ఆపిల్, బేరి, తెల్లపూల పరిమళం సహజం కాబట్టి మీకు ఆ వాసన తగిలింది.

ట్యాంకు పద్ధతి చవక పద్ధతి అని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. గ్లేరాను మూడేళ్లు మడ్డి మీద ఉంచితే, ఆ ద్రాక్షను ఎందుకు ఎంచుకున్నామో ఆ సువాసనే మరుగున పడిపోతుంది. పద్ధతి ద్రాక్షకు తగినదా కాదా అన్నదే ఇక్కడ చూడవలసింది.

మీ రెండో సీసాలో రొట్టె వాసన వచ్చిందంటే దాన్ని సీసాలోనే పులియబెట్టి, మడ్డితో కొన్ని నెలలైనా ఉంచారని అర్థం. మహారాష్ట్రలోని నారాయణ్‌గావ్‌లో 1980ల్లోనే ఈ పద్ధతి మొదలైంది, నాసిక్ దగ్గర దిండోరిలో షాందోన్ అనే సంస్థ 2013 నుంచి ఇలాగే చేస్తున్నది. స్పెయిన్ వారి బుడగల వైన్ కావా కూడా ఈ కోవలోనిదే, దానికి కనీసం 9 నెలలు కావాలి. ఇవన్నీ షాంపేన్ పద్ధతివే అయినా, ఆ ప్రాంతపు పంటతో ఆ ప్రాంతంలో చేసినవి కానందున షాంపేన్ అనే పేరుకు అర్హమైనవి కావు.

ఇంకో రకం ఉంది, అది మనకు మరీ దగ్గరి చుట్టం. మొదటిసారి పులియడం పూర్తి కాకముందే సీసాలో పోసి మూత బిగిస్తారు, మిగిలింది లోపలే పులుస్తుంది. మడ్డిని చాలావరకు తీయరు కాబట్టి వైన్ మబ్బుగా ఉంటుంది. కల్లు లొట్టికి మూత బిగించగలిగితే వచ్చేది ఇలాంటిదే. ఇటలీలో ఆస్తి అనే ప్రాంతపు వైన్‌ను మాత్రం మస్కాత్ ద్రాక్షతో ఒకేసారి ట్యాంకులో పులియబెట్టి, తీపి మిగిలి ఉండగానే చల్లబరిచి ఆపేస్తారు. అందుకే అందులో ఆల్కహాల్ 7 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది.

ప్రశ్న: లేబుల్ మీద ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని రాసి ఉంటే అసలు తీపి లేదనే అనుకున్నాను. తాగి చూస్తే ‘బ్రూట్’ కంటే తియ్యగా ఉంది. నకిలీ సీసా కాదు కదా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కాదు, ఆ పేర్లు పెట్టినవారి లెక్క అలా ఉంది. పాతకాలంలో షాంపేన్‌ను చాలా తియ్యగా తాగేవారు, దాంతో పోలిస్తే ఆ సీసా ‘డ్రై’ అనిపించుకున్నది. రుచులు మారిపోయినా పేర్లు మిగిలాయి. ‘బ్రూట్’ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర, ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే 12 నుంచి 17 గ్రాములు, ‘డ్రై’ లేదా ‘సెక్’ అంటే 17 నుంచి 32, ‘దెమీ సెక్’ అంటే 32 నుంచి 50 గ్రాములు. తీపి ఏమాత్రం వద్దనుకుంటే ‘బ్రూట్ నేచర్’ అని ఉన్నది అడగండి, అందులో 3 గ్రాముల కన్నా తక్కువ ఉంటుంది. మిర్చి బజ్జీ, కారం చల్లిన పల్లీలతో కూర్చునేవారికి నా సలహా ‘ఎక్స్‌ట్రా డ్రై’. కారానికి ఆ కాస్త తీపి బాగా ఒదుగుతుంది.

ప్రశ్న: పుట్టినరోజుకు బేకరీలో కొన్న, ఆల్కహాల్ లేని ‘షాంపేన్’ సీసా ఏ రకానికి చెందుతుంది?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ఏ రకానికీ చెందదు. అది తీపి నీటిలోకో, పండ్ల రసంలోకో యంత్రంతో గ్యాస్ ఎక్కించిన పానీయం. బంధుత్వం కలపాలంటే గోలీసోడాతో కలపాలి.

ప్రశ్న: మా తోటలో పండే తినే ద్రాక్షతో ఇలాంటి వైన్ చేయవచ్చా?
– ఒక రైతు, జడ్చర్ల

జవాబు: చేయవచ్చు కాని బాగుంటుందని చెప్పలేను. హైదరాబాద్ చుట్టుపక్కల పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ వంటివి తినడానికి ఎంచిన రకాలు, వాటికి నీరు, తీపి ప్రధానం. బుడగల వైన్‌కు వెన్నెముక పులుపు, అది మన వేడికి కాయలోనే కరిగిపోతుంది. నాసిక్ వైపు చల్లటి రాత్రులు ఉండే జనవరి మొదలు మార్చి వరకు కోస్తారు, షెనాన్ బ్లాంక్ వంటి పులుపు నిలుపుకునే రకాలు వేస్తారు.

ప్రశ్న: మే నెలలో పెండ్లిరోజుకు సీసా తెరిస్తే సగం పైకప్పుకు చిమ్మింది. తప్పు ఎవరిది?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఎండది, కొంత మీది. వేడెక్కిన ద్రవం వాయువును పట్టి ఉంచలేదు, కుదిపితే అసలే ఉంచలేదు. సీసాను ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచి 8 డిగ్రీలకు తెచ్చాక, కదపకుండా బయటికి తీయాలి. తీగను వదులు చేసిన క్షణం నుంచి బొటనవేలు బిరడా మీదనే ఉండాలి, సీసా మూతి మనుషుల వైపు ఉండరాదు. సీసాను 45 డిగ్రీలు వంచి, బిరడాను ఒక చేత గట్టిగా పట్టుకొని, రెండో చేతితో సీసా అడుగును తిప్పాలి. ‘ఠాప్’ అనే మోత రాకుండా, నిట్టూర్పులాంటి చప్పుడుతో మెల్లగా ఊడి వస్తే చేయి కుదిరినట్టే.