కరెంటు పోయిన గంటలు ఎవరి లెక్కలో ఉన్నాయి?

విద్యుత్ సరఫరాలో అంతరాయాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. జవాబులు రాసినవారు పంపిణీ విభాగంలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు.

ప్రశ్న: మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఇంట్లో రెండు మోటారు కుట్టుమిషన్లు పెట్టుకుని జాకెట్లు, పిల్లల బట్టలు కుడుతుంటాను. నెలకు నాలుగైదు సార్లయినా మా వీధిలో రెండు మూడు గంటల పాటు కరెంటు ఉండదు. పేపర్లో చూస్తే మా ఊరికి నిరంతర సరఫరా అని ఉంటుంది. ఇంతకు మించి కరెంటు పోకూడదని చట్టంలో ఎక్కడైనా ఉందా? ఉంటే దాన్ని ఎవరు చూస్తారు?
– ఒక గృహిణి

జవాబు: ఉందమ్మా. పంపిణీ సంస్థ ఏ పనిని ఎంత గడువులో చేయాలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించవచ్చని, ఆ ప్రమాణం తప్పితే నష్టపోయినవారికి సంస్థ పరిహారం చెల్లించాలని 2003 నాటి విద్యుత్ చట్టం 57వ సెక్షన్‌లో ఉంది. సరఫరా నాణ్యతకు, నిరంతరతకు ప్రమాణాలు పెట్టి అమలు చేయించే బాధ్యతను 86వ సెక్షన్ ఆ మండలికే అప్పగించింది. ఉమ్మడి రాష్ట్రంలో మండలి 1999లో ఏర్పడి, 2004లో పనితీరు ప్రమాణాలను ప్రకటించింది. ఫ్యూజు పోయిందని ఫిర్యాదు వస్తే పట్టణాల్లో 4 పనిగంటల్లో, పల్లెల్లో 12 పనిగంటల్లో సరిచేయాలన్న గడువు అప్పటిదే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ మండలి తన ప్రమాణాలను 2016లో విడిగా తెచ్చుకుంది. ఆపైన కేంద్రం 2020 డిసెంబరు 31న వినియోగదారుల హక్కుల నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం వినియోగదారులందరికీ 24 గంటలూ సరఫరా ఇవ్వాలి. వ్యవసాయం వంటి కొన్ని తరగతులకు మాత్రమే మండలి తక్కువ గంటలు నిర్ణయించవచ్చు. అంటే మీ ఇంటికి 24 గంటలూ కరెంటు రావలసిందే.

ఇక మీ ఊరికి నిరంతర సరఫరా అన్న వార్తకు, మీ వీధిలో ఆగిపోయిన మిషన్లకు మధ్య తేడా ఎక్కడ వస్తుందో చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. విశ్వసనీయతను ప్రపంచమంతటా ప్రధానంగా రెండు అంకెలతో కొలుస్తారు. ఏడాదిలో ఒక్కో వినియోగదారుకు సగటున ఎన్ని నిమిషాలు కరెంటు లేదన్నది ఒకటి, ఎన్నిసార్లు పోయిందన్నది రెండోది. వీటిని సైడీ, సైఫీ అంటారు. ఫీడరు అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు, వీధులకు కరెంటు తెచ్చే లైను. 2,000 కనెక్షన్లు ఉన్న ఫీడరులో 500 ఇళ్లకు రెండు గంటలు కరెంటు పోతే, 500ను 120 నిమిషాలతో గుణించి 2,000తో భాగిస్తారు. సగటు 30 నిమిషాలు వస్తుంది. లెక్క న్యాయంగానే ఉంది. అయితే 20,000 కనెక్షన్లున్న ఒక డివిజనులో 40 ఇళ్ల వీధి 40 గంటలు చీకట్లో ఉందనుకోండి. అదే లెక్క కడితే ఆ డివిజను సగటుకు ఆ వీధి వల్ల కలిసేది 4.8 నిమిషాలు మాత్రమే. ఆ 40 ఇళ్లలో పాడైపోయిన పాలు, ఆగిపోయిన మిషన్లు, నిద్ర లేని రాత్రి ఆ అంకెలో కనబడవు.

అంతకన్నా పెద్ద చిక్కు ఆ నిమిషాలను ఎక్కడ నమోదు చేస్తారన్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సబ్‌స్టేషన్ లాగ్‌షీటు రోజూ చూసేవాడిని. షిఫ్టు ఆపరేటరు గంట గంటకూ ఫీడరు ఆంపియర్లు రాస్తాడు. బ్రేకరు పడిపోయి ఫీడరు ఆగిపోతే 14-10 ట్రిప్ అని, మళ్లీ వేశాక 14-55 ఛార్జ్ అని రాస్తాడు. ఆ రోజుకు ఆ ఫీడరు లెక్క 45 నిమిషాలతో ముగిసింది. అదే గాలికి ఒక వీధి చివర స్తంభం మీద జంపరు (రెండు తీగలను కలిపే చిన్న తీగ) తెగి, లైన్‌మన్ రాత్రి ఎనిమిదింటికి వచ్చి కట్టేదాకా ఆ వీధికి కరెంటు లేదు. ఆ సంగతి లాగ్‌షీటుకు తెలియదు, ఎందుకంటే ఫీడరులో కరెంటు పారుతూనే ఉంది. ఇప్పుడు లాగ్‌షీటు స్థానంలో చాలాచోట్ల ఫీడరు మీటర్లు తమంతట తామే లెక్క పంపుతున్నాయి. అయినా మీటరు ఉన్నది సబ్‌స్టేషన్‌లోనే కనుక ట్రాన్స్‌ఫార్మరు కింద పోయిన కరెంటు ఇప్పటికీ దానికి కనబడదు. 2021లో మొదలైన కేంద్ర పథకం కింద ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లు బిగించే పని చేపట్టారు. ఆ పని పూర్తయినచోట ఈ లోపం చాలావరకు తీరుతుంది.

అందాకా మీ వీధిలో కరెంటు పోయిందని సంస్థ పుస్తకంలో రాయించగలిగేది మీరే. లైన్‌మన్‌కు ఫోను చేయండి, తప్పు లేదు. దానికి ముందు 1912కు ఫోను చేసి సర్వీసు నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. గడువు లెక్క మొదలయ్యేది ఆ నంబరు పుట్టిన నిమిషం నుంచి. కరెంటు పోయిన సమయం, వచ్చిన సమయం, ఫిర్యాదు నంబరు మీ బట్టల కొలతలు రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీల్లో రాసిపెట్టుకోండి. మూడు నెలలు అలా రాసిన పుస్తకం ముందు నిరంతర సరఫరా అన్న మాట నిలవదు.

ప్రశ్న: మాది మెట్ట ప్రాంతం. పొలంలో మా ఆరుగురు రైతులకు ఒకే ట్రాన్స్‌ఫార్మరు. మొన్న వేసవిలో కాలిపోతే, బండి లేదన్నారు కనుక మేమే దించి ట్రాక్టరులో వేసుకుని రిపేరు షెడ్డుకు తీసుకెళ్లాం. తిరిగి వచ్చేసరికి ఆరు రోజులు పట్టింది, వేరుశనగ ఎండిపోయింది. ఉచిత కరెంటు వాడుకుంటూ పరిహారం అడుగుతారా అని ఒకాయన అన్నాడు. నిజంగా మాకు హక్కు లేదా?
– ఒక రైతు

జవాబు: ఆ మాట తప్పు, ముందుగా దాన్ని మనసులోంచి తీసేయండి. మీకు బిల్లు రాకపోవడం వల్ల ఆ కరెంటుకు ధర లేకుండా పోదు. ప్రభుత్వం ఏ తరగతికైనా రాయితీ ఇవ్వదలచుకుంటే ఆ సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలని విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. మీ తరఫున ప్రభుత్వం కడుతోంది. సర్వీసు నంబరు మీ పేరున ఉంది. కనుక చట్టం దృష్టిలో మీరు వినియోగదారులే. 2004 ప్రమాణాల ప్రకారం కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. దించడం, మోయడం, మళ్లీ ఎక్కించడం సంస్థ పని. రైతులు విద్యుత్ స్తంభం ఎక్కి ట్రాన్స్‌ఫార్మరు దించుకోవడం ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణానికి సంబంధించినది. ఇంకెప్పుడూ ఆ పని చేయకండి.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. అంతరాయాల సగటు లెక్కగట్టేటప్పుడు ప్రధానంగా వ్యవసాయానికే వాడే ఫీడర్లను పక్కన పెట్టడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. వ్యవసాయానికి గంటల చొప్పున ఇస్తారు కనుక లెక్క కలవదన్నది దానికి చెప్పే కారణం. అయితే తొమ్మిది గంటలు ఇస్తామన్నప్పుడు ఆ తొమ్మిదిలో ఎన్ని అందాయో కొలవవచ్చు కదా? తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికీ 24 గంటల సరఫరా ప్రకటించారు కనుక అక్కడ ఆ కారణం కూడా నిలవదు. ఎవరికి కరెంటు మీద పంట ఆధారపడి ఉందో వారి ఫీడరునే లెక్కలోంచి తీసేయడం సరికాదని నా అభిప్రాయం.

మీ వైపు చూసుకోవలసినవీ ఉన్నాయి. 5 హెచ్‌పీ మోటారు ఒకటి సుమారు 5 కేవీఏ భారం వేస్తుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఆరు మోటార్లు ఉంటే అది మొదటి రోజు నుంచీ అధిక భారం మోస్తున్నట్టే. ఆటో స్టార్టర్లు ఉంటే కరెంటు రాగానే ఆరూ ఒక్కసారి లేస్తాయి; ఆ క్షణంలో లాగే కరెంటు మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పోయిన ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టి ఉంటే, కరగవలసిన ఫ్యూజు కరగక లోపలి చుట్ట కాలుతుంది. ఆటో స్టార్టర్లు తీసేసి కెపాసిటర్లు పెట్టుకోండి, అదనపు ట్రాన్స్‌ఫార్మరు కావాలని ఆరుగురూ సంతకాలు చేసి ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.

పోయిన ఆరు రోజుల సంగతికి వస్తే, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా వెళ్లండి. వకీలు అక్కర్లేదు. ఫిర్యాదు నంబరు, తేదీలు, వీలైతే ట్రాక్టరులో ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఫోటో జతచేయండి. 2020 నియమాల ప్రకారం ఫిర్యాదుల పరిష్కారానికి గరిష్ఠ గడువు 45 రోజులు. అక్కడ తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. పరిహారం నిర్ణయమయ్యాక 90 రోజుల్లో చెల్లించాలని చట్టంలోనే ఉంది. ఆ పరిహారం మీ వేరుశనగ నష్టానికి ఏ మూలకూ సరిపోదు, ఆ ఆశతో వెళ్లకండి. అయితే 59వ సెక్షన్ ప్రకారం ఎన్ని కేసుల్లో ఎంత పరిహారం చెల్లించారో సంస్థ ఏటా మండలికి చెప్పాలి, మండలి దాన్ని ప్రచురించాలి. ఎవరూ అడగని ఏడాది ఆ గడిలో సున్నా పడుతుంది. ఆ సున్నాను చూసినవారు మీ మండలంలో ట్రాన్స్‌ఫార్మర్లు గడువులోనే మారుతున్నాయని అనుకుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మూడు రోజులు కరెంటు లేక, చిన్నపిల్లతో కారులో హీటరు వేసుకుని కూర్చున్నారు. అంత పెద్ద దేశంలో కూడా విశ్వసనీయతను పట్టించుకునే వ్యవస్థ లేదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: వ్యవస్థ ఉందండీ, కానీ మీ అబ్బాయి ఇంటికి కరెంటు పోయిన కారణం వేరు. ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నది ఫీడరు, ట్రాన్స్‌ఫార్మరు స్థాయి. టెక్సాస్‌లో ఆ రోజు విఫలమైంది ఉత్పత్తి. చలికి గ్యాసు బావులు, పైపులు, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టుకుపోయాయి. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున గ్రిడ్ పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) 60 నుంచి 59.4 హెర్ట్జ్ కన్నా కిందికి దిగి నాలుగు నిమిషాలకు పైగా అక్కడే ఉంది; తొమ్మిది నిమిషాలు ఉండి ఉంటే మిగిలిన కేంద్రాలు కూడా తమంతట తామే విడిపోయి దాదాపు రాష్ట్రమంతా చీకటయ్యేది. దాన్ని తప్పించడానికి గ్రిడ్ నిర్వాహకులు 20,000 మెగావాట్ల దాకా కోత పెట్టించారు. ఆ కోతలో 45 లక్షల ఇళ్లు, సంస్థలు చిక్కుకున్నాయి. ఆ తుఫానులో 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ తర్వాతే విద్యుత్ కేంద్రాలను చలికి తట్టుకునేలా సిద్ధం చేయాలని అక్కడి శాసనసభ తప్పనిసరి చేసింది. గ్రిడ్ విశ్వసనీయతా ప్రమాణాలు అమెరికాలో స్వచ్ఛంద దశ నుంచి చట్టబద్ధ దశకు రావడానికి కూడా 2003 ఆగస్టు 14న ఈశాన్య రాష్ట్రాలు చీకటి కావలసివచ్చింది. 2005లో చట్టం చేశారు. మన దేశంలో 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలినప్పుడు తెలుగువారు తప్పించుకున్నది దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే పౌనఃపున్యంలో కలిసి లేదు కనుక.

అదే టెక్సాస్‌లో పంపిణీ సంస్థలకు ఉన్న ఒక నిబంధన మాత్రం మనం తెచ్చుకోదగినది. ఒక ఫీడరు అంతరాయాల లెక్క సంస్థ మొత్తం సగటుకన్నా 300 శాతం మించి ఎక్కువగా వరుసగా రెండేళ్లు ఉండకూడదు. పైన చెప్పిన 40 ఇళ్ల వీధి లాంటివి సగటులో మునిగిపోకుండా, చెడ్డ ఫీడరు పేరుతో సహా బయటికి వస్తుంది. మన పంపిణీ సంస్థలు ఏటా ఛార్జీల ప్రతిపాదనలు మండలికి ఇచ్చినప్పుడు బహిరంగ విచారణ జరుగుతుంది. అక్కడ ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు, మాట్లాడవచ్చు. యూనిట్ ధర గురించి అడుగుతున్నంత గట్టిగా ఫీడరువారీ అంతరాయాల పట్టిక కూడా అడగాలని, మీవంటి పెద్దలు ఆ పని చేయాలని నా మనవి.

ప్రశ్న: ఇలా నంబర్లు తీసుకుని ఫిర్యాదులు పెడితే మా లైన్‌మన్ ఇబ్బందిపడడా? పాపం, వర్షంలో కూడా వచ్చి స్తంభమెక్కుతాడు.
– ఒక విద్యార్థి

జవాబు: నీ ప్రశ్న నాకు చాలా నచ్చింది నాయనా. ప్రమాణాలు కట్టడి చేసేది లైసెన్సు పొందిన సంస్థను. పరిహారం చెల్లించవలసిందీ సంస్థే. ఒక లైన్‌మన్‌కు ఎన్ని ఊళ్లు అప్పగించారో, ఎన్ని ఖాళీలు భర్తీ కాలేదో, నిచ్చెన, చేతి తొడుగులు, ఎర్త్ రాడ్ ఉన్నాయో లేవో తేల్చవలసింది పై అధికారులు. నువ్వు అతని సెల్‌ఫోనుకే చేస్తే అతను రాత్రి పదింటికి వచ్చి చేసిన పని ఎక్కడా నమోదు కాదు. ఆ సెక్షనులో పని తక్కువ అని లెక్క తేలుతుంది, రావలసిన రెండో మనిషి రాడు. లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి, తీసుకోకుండా తొందరపడి స్తంభమెక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవారిని నా ఉద్యోగ కాలంలో చూశాను. ఊరి ఒత్తిడి అతని ఫోను మీద పడకుండా 1912 మీద పడితే అతనికి కూడా మేలు. అతను వచ్చినప్పుడు మంచినీళ్లు ఇచ్చి, లైన్ క్లియర్ వచ్చేదాకా ఆగమని మీ వీధివాళ్లకు నువ్వే చెప్పు.