కోడ్‌ల కంటే ముందు కేస్ షీట్ చదవడం నేర్చుకో

చిరంజీవి మేనకోడలికి, అత్త దీవెనలు.

హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ కోర్సులో సీటు వచ్చిందని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది. "అత్తా, ఇందులో అసలేం నేర్పుతారు? నేను దేని మీద ఎక్కువ కష్టపడాలి?" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదిది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కొత్తగా చేరేవాళ్లలో చాలామంది ఇది కంప్యూటర్ ఉద్యోగమనో, జబ్బులకు పెట్టిన కోడ్‌లు బట్టీ పట్టే ఉద్యోగమనో అనుకుని వస్తారు. నువ్వు అలా అనుకోకు. ఒక మనిషికి ఏం జబ్బు చేసింది, ఎవరు చూశారు, ఏం వైద్యం చేశారు అన్న సంగతి, ఆ మనిషిని అంతకుముందు ఎప్పుడూ చూడని డాక్టరు కూడా నమ్మి మందు రాసేంత సరిగ్గా ఉండేలా చూడటం మన పని. దానికి మొదట కావాల్సింది కేస్ షీట్ చదవడం. మిగతావన్నీ దాని తర్వాతే వస్తాయి.

మొదటి ఏడాదిలో అనాటమీ, ఫిజియాలజీ, మెడికల్ టెర్మినాలజీ, పాథోఫిజియాలజీ ఉంటాయి. "వీటిలో పాసైతే చాలు, అసలు సబ్జెక్టు కోడింగే" అని సీనియర్లు చెబుతారు. ఆ మాట పట్టుకోకు. కొలెక్టమీ అంటే పెద్దపేగును కొంతగానీ మొత్తంగానీ కోసి తీసేయడం. కొలాస్టమీ అంటే పెద్దపేగుకు పొట్ట మీద దారి పెట్టడం. చెవికి రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి, కానీ రోగి బతుకులో వాటి మధ్య ఎంత తేడా ఉందో చూడు. టెర్మినాలజీని మాటల పట్టికలాగా కాకుండా ముక్కలుగా విడగొట్టి నేర్చుకో. 'ఎక్టమీ' అంటే తీసేయడం, 'ఆస్టమీ' అంటే దారి పెట్టడం, 'ఆటమీ' అంటే కోత. ఈ మూడూ ఒంటబడితే వందల పదాలు అర్థమవుతాయి. పాథోఫిజియాలజీ మాత్రం విడిగా, శ్రద్ధగా చదువు. ఏ జబ్బు వల్ల ఏ అవయవం దెబ్బతింటుందో తెలియకపోతే, కేస్ షీట్‌లో రాయాల్సింది ఏదో రాయకుండా వదిలేశారని నీకు అనుమానం కూడా రాదు.

ఇక కోడింగ్, అంటే కేస్ షీట్‌లో ఉన్న జబ్బుకు దాని కోడ్ వేయడం. ప్రపంచమంతా వాడే జబ్బుల వర్గీకరణ ఐసీడీ. దాని మూలం 1893లో జాక్ బెర్టియాన్ తయారుచేసిన మరణ కారణాల జాబితా. 1948లో ఆరో సవరణ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేతికి తీసుకుంది. అప్పటినుంచి మరణ కారణాలతో పాటు జబ్బులూ అందులో చేరాయి. పదో సవరణలో టైప్ 2 షుగర్ జబ్బుకు ఈ11 అని కోడ్ ఉంటే, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో సవరణలో అదే జబ్బు 5ఏ11 అయింది. జబ్బు అదే, కోడ్ మారింది. పాత కోడ్‌లు కంఠతా పెట్టినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. కేస్ షీట్ చదవడం వచ్చినవాళ్లకు ఆ ఇబ్బంది అంతగా లేదు, కొత్త పుస్తకం ఎలా వాడాలో నేర్చుకుంటే సరిపోయింది. ఒక్క అలవాటు మాత్రం మొదటి రోజునుంచే చేసుకో. అక్షరక్రమ సూచికలో కోడ్ దొరికింది కదా అని అక్కడే ఆగిపోకు. అసలు జాబితాలోకి వెళ్లి, ఆ కోడ్ కింద ఏవి చేరతాయో, ఏవి చేరవో రాసి ఉన్న గమనికలు పూర్తిగా చదివాకే వెయ్యి. పరీక్షలో తొందరపడి ఇక్కడే తప్పుతారు. ఉద్యోగంలో కూడా ఇంతే.

కాలేజీల్లో తక్కువగా నేర్పే విషయం ఇంకొకటుంది, డాక్టరుకు ప్రశ్న రాయడం. ఒక రోగికి హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది, రక్తం ఎక్కించారు, కానీ డిశ్చార్జ్ సమ్మరీలో రక్తహీనత అన్న మాటే లేదనుకో. ల్యాబ్ అంకె చూసి నువ్వు జబ్బు పేరు పెట్టకూడదు, ఆ అధికారం మనకు లేదు. అలాగని చూసీచూడనట్టు వదిలేయకూడదు. "ఇది రక్తహీనత అని రాస్తారా?" అని అడగడమూ తప్పే, ఎందుకంటే అప్పుడు జవాబు నువ్వే అందిస్తున్నావు. ఫలానా తేదీన హిమోగ్లోబిన్ ఇంత, రక్తం ఇన్ని యూనిట్లు ఎక్కించారు, దీనికి కారణమైన పరిస్థితిని దయచేసి నమోదు చేయండి అని రాయాలి. చూడటానికి చిన్న ఉత్తరమే, కానీ దాన్ని వంకర లేకుండా, డాక్టరుకు విసుగు రాకుండా రాయడం నాకు రెండేళ్లకు గానీ పట్టుబడలేదు. మీ సార్‌ను అడిగి ఇలాంటివి కనీసం ఇరవై రాసి దిద్దించుకో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి చెబుతాను. ఒకే పేరు, దాదాపు ఒకే వయసు ఉన్న ఇద్దరు రోగులు ఒకే నంబరు మీద నమోదయ్యారు. మొదటి ఆమెకు పెన్సిలిన్ పడదు, రెండో ఆమెకు అలాంటిదేం లేదు. రెండో ఆమె వచ్చినప్పుడు అలర్జీ గడిని ఎవరో "లేదు" అని మార్చారు. తర్వాత మొదటి ఆమె అడ్మిట్ అయింది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు నోటితో అడిగి కనుక్కోబట్టి ప్రమాదం తప్పింది. ఆ రికార్డును విడదీసే పని నాకు అప్పగించారు. ఏ కాగితం ఎవరిదో, ఏ రక్తపరీక్ష ఎవరిదో ఒక్కొక్కటీ తేల్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఒకే మనిషికి రెండు నంబర్లు ఉంటే డూప్లికేట్ అంటారు, దాన్ని కలిపేయొచ్చు. ఇద్దరు మనుషులు ఒకే నంబరులోకి వస్తే ఓవర్‌లే అంటారు, దాన్ని విడదీయడం నరకం. ఏ రోగికి ఏ నంబరో చెప్పే జాబితా, మాస్టర్ పేషెంట్ ఇండెక్స్ మీద పాఠం వచ్చినప్పుడు క్లాసులో అందరికీ నిద్రొస్తుంది. నువ్వు మాత్రం ముందు వరసలో కూర్చో.

స్టాటిస్టిక్స్‌కు భయపడకు, మనకు కావాల్సింది పెద్ద గణితం కాదు. లెక్కించే నియమం గట్టిగా తెలిస్తే చాలు. చేరిన రోజు లెక్కలోకి వస్తుంది, డిశ్చార్జ్ అయిన రోజు రాదు. మూడో తేదీన చేరి ఏడో తేదీన వెళ్లిన రోగి ఉన్నది నాలుగు రోజులు. ఈ నియమం తప్పితే సగటు బస, మంచాల వినియోగం అన్నీ తప్పుతాయి.

మరణ ధృవీకరణ గురించి పాఠం చిన్నదే ఉంటుంది గానీ నా దృష్టిలో అది చాలా పెద్దది. "గుండె ఆగిపోయింది" అన్నది మరణ కారణం కాదు, చనిపోయినవాళ్లందరి గుండె ఆగుతుంది. ఒకదాని వెంట ఒకటిగా చావుదాకా తెచ్చిన వరసను మొదలుపెట్టిన జబ్బు ఏది అన్నదే ప్రశ్న. దాన్నిబట్టే ఒక దేశంలో మనుషులు దేనివల్ల పోతున్నారో తేలుతుంది.

టెక్నాలజీ గురించి నీకు టెన్షన్ ఉన్నట్టుంది. డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ కొంచెం, స్ప్రెడ్‌షీట్ బాగా నేర్చుకో. ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే హెచ్‌ఎల్7, ఫైర్ (FHIR) ప్రమాణాలు ఏమిటో తెలిసుంటే మంచిది. కోడ్‌లు సూచించే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది, ఇంకా మెరుగవుతుంది కూడా. కానీ దానికి ఇచ్చే నోట్సే తప్పైతే అది ఏం చేస్తుంది? నిన్నటి నోట్సును కాపీ చేసి ఇవాళ్టి తేదీ వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. కుట్లు విప్పేసిన నాలుగు రోజుల తర్వాత కూడా "కుట్లు ఉన్నాయి" అని రాసి ఉండటం నేను చూశాను. అలాంటిది పట్టుకోవాలంటే మొత్తం కేస్ షీట్ తేదీల వరసలో చదివే మనిషి ఉండాలి.

గోప్యత సంగతి కొంచెం కటువుగానే చెబుతాను. నీ పనికి అవసరం లేని రికార్డు తెరవకు. స్నేహితురాలిదైనా, పక్కింటివాళ్లదైనా, నాదైనా సరే. ఎవరు ఏ రికార్డు ఎప్పుడు తెరిచారో సిస్టమ్‌లో నమోదవుతుంది, దానివల్ల ఉద్యోగాలు పోయాయి. అంతకంటే ముఖ్యం, రోగి తన ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోని విషయం ఆ కాగితంలో ఉండొచ్చు. కన్నవాళ్లు వచ్చి బతిమాలినా, అనుమతి పత్రం లేకపోతే లేదనే చెప్పాలి. ఆ మాట మెత్తగా చెప్పడం కూడా అలవాటు చేసుకోవాలి.

ఫీజు కట్టే ముందు కాలేజీకి వెళ్లి మూడు విషయాలు కనుక్కో. కోర్సుకు గుర్తింపు ఉందా, అది ఉంటేనే సర్టిఫికేషన్ పరీక్షకు కూర్చోనిస్తారా? ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, అక్కడ నిజంగా పని చేయిస్తారా, చూసి రమ్మంటారా? ల్యాబ్‌లో విద్యార్థులు చేయి పెట్టి నేర్చుకునే ఎలక్ట్రానిక్ రికార్డు సిస్టమ్ ఉందా? మూడో దానికి తడుముకుంటే ఫర్వాలేదు. రెండో దానికి తడుముకుంటే మాత్రం ఆ కాలేజీ వద్దు, ఇంకొకటి చూద్దాం.

ఇంటర్న్‌షిప్‌లో నిన్ను స్కానింగ్ దగ్గర కూర్చోబెడతారు. విసుక్కోకు. చేతిలోకి వచ్చిన ప్రతి కాగితం స్కాన్ చేసే ముందు చదువు. రాత అర్థం కాకపోతే అక్కడున్న పాత ఉద్యోగులను అడుగు. వాళ్లు ఒక్కో డాక్టరు రాతనూ గీత చూసి పోల్చుకుంటారు. అర్థంకాని మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకో, కానీ రోగి పేరుగానీ నంబరుగానీ అందులో రాయొద్దు. సెలవులకు వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ అత్త