రొయ్యల ప్లాంటులో జీఆర్‌సీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎం.కాం. చదివి, రొయ్యలను శుద్ధి చేసి విదేశాలకు పంపే ఒక ప్లాంటులో ఆరేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఇకమీదట ‘జీఆర్‌సీ’ పని కూడా నేనే చూడాలని మా యాజమాన్యం ఇటీవల చెప్పింది. గవర్నెన్స్, రిస్క్ మేనేజ్‌మెంట్, కంప్లయన్స్ అనే మూడింటిని కలిపి అలా అంటారని తెలుసుకున్నాను కానీ, ఈ మూడింటినీ ఒకే గాటన ఎందుకు కట్టారో అర్థం కాలేదు. మా నాన్నగారు మాత్రం “ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు రిజిస్టర్లు చూపించడమే కదరా” అంటున్నారు. అంతేనా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: మీ నాన్నగారి మాట మూడింటిలో చివరిదానికి, అందులోనూ సగానికే సరిపోతుంది. మిగిలిన రెండున్నర పాళ్ల గురించి చెప్పడానికి మనకు దగ్గరలోనే మంచి ఉదాహరణ ఉంది.

వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదాన్ని, 17.75 అడుగులకు మూడవదాన్ని జారీ చేస్తారని డెల్టాలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ అంకెలు వరద వచ్చిన రాత్రి ఎవరో బ్యారేజీ మీద నిలబడి ఊహించి చెప్పేవి కావు. నది నిదానంగా ఉన్న రోజుల్లోనే, గత వరదల అనుభవాన్ని బట్టి నిర్ణయించి పెట్టుకున్నవి. ఏ అంకె దగ్గర లంక గ్రామాలకు కబురు వెళ్లాలో, ఏ అంకె దగ్గర జనాన్ని గట్టు దాటించాలో ముందే తెలిసి ఉంటే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఉద్యోగి ఎవరి మొహమూ చూడనక్కరలేదు. ముప్పును ముందే కొలిచి గీత గీసుకోవడం రిస్క్ మేనేజ్‌మెంట్. ఆ గీత ఎక్కడ గీయాలో, అది దాటినప్పుడు ఆజ్ఞ ఇచ్చే అధికారం ఎవరిదో, ఆ అధికారి ఎవరికి జవాబు చెప్పుకోవాలో తేల్చడం గవర్నెన్స్. చట్టం చెప్పిన పనీ, మనకు మనం విధించుకున్న పనీ నిజంగా జరిగాయా అని చూసుకుని, జరిగినట్లు ఆధారం ఉంచుకోవడం కంప్లయన్స్. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ ఉత్తుత్తివే కనుక ఒకే గాటన కట్టారు.

ఇప్పుడు మీ ప్లాంటుకు వద్దాం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్స్ రొయ్యల సాగులో నిషిద్ధమని మీకు తెలుసు. 2016లో ఐరోపా సమాఖ్య మన దేశపు సాగు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచడానికి కారణం సరుకులో మిగిలిపోయే ఈ మందుల అవశేషాలే. ఎక్కడో ఒక చెరువు రైతు చేసిన పొరపాటుకు, ఆ మందు పేరే వినని రైతుల సరుకు కూడా రేవులో రోజుల తరబడి నిలిచిపోతుంది. నిషిద్ధ మందుల జాబితాను గోడకు అంటించడం, పరీక్ష పత్రాలను ఫైలు చేయడం కంప్లయన్స్‌లోకి వస్తాయి. ఏ ప్రాంతపు చెరువుల సరుకులో అవశేషాలు దొరికే అవకాశం ఎక్కువో, వైరస్ సోకి రైతు హడావుడిగా చెరువులోంచి పట్టించేసిన సరుకును ఎంత జాగ్రత్తగా చూడాలో, దొరికిన లాట్ ఏ చెరువుదో గంటలో చెప్పగలమో లేదో లెక్కవేయడం రిస్క్ పని.

అసలు చిక్కు గవర్నెన్స్ దగ్గర ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు కంటైనరు గేటు దగ్గర సిద్ధంగా ఉంది, ఓడ తేదీ దగ్గర పడింది, ల్యాబ్ ఫలితం మాత్రం అనుమానంగా వచ్చింది అనుకోండి. కంటైనరును ఆపే అధికారం మీ ప్లాంటులో ఎవరికి ఉంది? క్వాలిటీ మేనేజరుకే ఉందని కాగితం మీద రాసి ఉండవచ్చు. కానీ ఆయన ఇంక్రిమెంటును నిర్ణయించేది నెలకు ఇన్ని కంటైనర్లు పంపాలని లెక్క పెట్టుకున్న ప్రొడక్షన్ అధికారే అయితే, ఆ అధికారం కాగితం మీదే ఉంటుంది. క్వాలిటీ విభాగం నేరుగా మేనేజింగ్ డైరెక్టరుకో, డైరెక్టర్ల బోర్డుకో జవాబు చెప్పేలా మార్చమని అడగడమే మీరు చేయవలసిన మొదటి పని. పది రిజిస్టర్లు కొత్తగా పెట్టించడం కంటే ఇది కష్టమైన పని. దీనివల్ల వచ్చే మేలు కూడా అంతే ఎక్కువ.

కాగితాలన్నీ సక్రమంగా ఉంటే సంస్థ సక్రమంగా ఉన్నట్లేనా అన్న సందేహానికి మన తెలుగువారికి సత్యం కంప్యూటర్స్ ఉదంతాన్ని మించిన జవాబు అక్కరలేదు. 2008లో ఆ సంస్థకు ఉత్తమ కార్పొరేట్ గవర్నెన్స్‌కు గాను అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు, ఆడిట్ కమిటీ ఉంది, పెద్ద ఆడిట్ సంస్థ సంతకాలు ఉన్నాయి. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తానే లేఖ రాసి, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకున్నారు. బ్యాంకులో డబ్బు ఉందా లేదా అన్నది లెక్కల్లో అన్నిటికంటే సులువుగా నిర్ధారించుకోగల విషయం. నిబంధన కొరవడటం వల్ల జరిగిన మోసం కాదది. అడగవలసిన స్థానంలో కూర్చున్నవారు అడగకపోవడం వల్ల ఏళ్ల తరబడి సాగిన మోసం. ఆ తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో ఆడిట్ కమిటీ, స్వతంత్ర డైరెక్టర్లు, తప్పు కనిపిస్తే ఉద్యోగి భయపడకుండా తెలియజేసే ఏర్పాటు వంటి వాటికి బలమైన నిబంధనలు చేర్చారు. అంతకు ముందు అమెరికాలో ఎన్రాన్, వరల్డ్‌కామ్ అనే పెద్ద కంపెనీలు లెక్కల మోసాలు బయటపడి కుప్పకూలాక, అలాంటివాటిని అరికట్టడానికి 2002లో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చింది. ‘జీఆర్‌సీ’ అనే పొడి అక్షరాల మాట వాడుకలోకి వచ్చింది కూడా ఆ కాలంలోనే.

పని మొదలుపెట్టడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, ఒక నోటు పుస్తకం చాలు. ప్లాంటులో పనిచేసే ప్రతి విభాగంవారినీ, గ్రేడింగ్ టేబుల్ దగ్గర నిలబడే ఆడవాళ్లతో సహా, “ఇక్కడ ఏది చెడితే మనం మునుగుతాం?” అని అడిగి రాసుకోండి. ఎదురుగా అది జరిగే అవకాశం ఎంతో, జరిగితే నష్టం ఎంతో, బాధ్యత ఏ ఒక్కరిదో రాయండి. “అందరిదీ” అని రాస్తే ఎవరిదీ కాదు. ఒక్కొక్క ముప్పుకు నాలుగు దారులు ఉంటాయి: ఆ పనినే మానుకోవడం, ముప్పును తగ్గించుకోవడం, బీమా ద్వారా ఇంకొకరి మీదకు మళ్లించడం, లేదా తెలిసి భరించడం. కరెంటు పోతే జనరేటరు ఉంది. తుఫానుకు బీమా ఉంది. సరుకంతా ఒకే దేశానికి పంపడంలోని ముప్పును మాత్రం చాలా సంస్థలు తెలిసి భరించడం లేదు, తెలియక భరిస్తున్నాయి.

చివరిగా ఒక మాట మీ స్థానం గురించే. లెక్కలు రాసేదీ మీరే, వాటిని తనిఖీ చేసేదీ మీరే అయితే కుదరదు. పని చేసేవారు, ముప్పును గమనించేవారు, వీరిద్దరినీ స్వతంత్రంగా పరీక్షించే ఇంటర్నల్ ఆడిటర్లు వేరువేరుగా ఉండాలన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న సూత్రం. చిన్న ప్లాంటులో ముగ్గురిని పెట్టలేకపోతే, కనీసం మీ అకౌంట్స్‌ను బయటి ఆడిటరు చూసి నేరుగా యజమానికి నివేదిక ఇచ్చేలా అడిగి, ఆ కోరికను రాతపూర్వకంగా ఉంచుకోండి. నాన్నగారి రిజిస్టర్ల మాట కూడా తోసిపుచ్చవద్దు. పీఎఫ్ 15వ తేదీలోగా కట్టకపోయినా, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట 2013లోనే వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ లేకపోయినా, పెద్ద మాటలు ఎన్ని చెప్పినా నిలవవు.

ప్రశ్న: కోనసీమలో ఒక సహకార పరపతి సంఘానికి డైరెక్టరుగా ఎన్నికయ్యాను. సమావేశమైన నాలుగు రోజులకు, తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టమంటారు. సంతకం పైన సగం పేజీ ఖాళీగా ఉంటుంది. అడిగితే “మనవాళ్లమే కదండీ” అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: సంతకం పెట్టకండమ్మా. ఆ ఖాళీలో రేపు ఎవరి అప్పు మంజూరైనా దానికి మీరూ బాధ్యులవుతారు. “మనవాళ్లమే” అన్న మాటను కాదనలేక చిక్కుల్లో పడిన డైరెక్టర్లు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. మినిట్స్‌ను సమావేశంలోనే రాసి చదివి వినిపించమనండి; ఖాళీ వదిలిన చోట అడ్డంగా గీత కొట్టించండి. ఒక తీర్మానం మీకు నచ్చకపోతే నోటితో చెప్పి ఊరుకోకుండా, మీ అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయించండి. డైరెక్టరుకో, వారి బంధువుకో రుణం చర్చకు వచ్చినప్పుడు ఆ డైరెక్టరు ఆ సంగతి ముందే చెప్పి, చర్చ నుంచి తప్పుకోవాలని అడగండి. ఏటా వచ్చే ఆడిట్ నివేదికను అడిగి తీసుకుని, గత ఏడాది అభ్యంతరాల్లో ఎన్ని ఇంకా అలాగే ఉన్నాయో లెక్కపెట్టండి. వారు ఒప్పుకోకపోతే ఈ కోరికలన్నీ ఉత్తరంగా రాసి కార్యదర్శికి ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకుని, ఒక ప్రతిని సహకార శాఖ అధికారికి పంపండి.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈ రంగంలోకి రావాలంటే ఏ కోర్సు మంచిది?
– ఒక విద్యార్థి

జవాబు: చట్టం, బోర్డు వ్యవహారాల మీద ఆసక్తి ఉంటే కంపెనీ సెక్రటరీ కోర్సు, లెక్కల మీద ఉంటే సీఏ. ఆ తరువాత ఇంటర్నల్ ఆడిట్‌లో సీఐఏ (సర్టిఫైడ్ ఇంటర్నల్ ఆడిటర్) అనే అంతర్జాతీయ పరీక్ష రాయవచ్చు. రిస్క్ గురించి ఐఎస్ఓ 31000, కంప్లయన్స్ గురించి ఐఎస్ఓ 37301 అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. వాటి పేర్లతో పెట్టే రెండు రోజుల సర్టిఫికెట్ కోర్సులకు ఇప్పుడే డబ్బు పోయకండి. వేసవి సెలవుల్లో ఏదైనా ఆడిటరు దగ్గర చేరి, ఒక రైస్ మిల్లు స్టాకును గోదాములో బస్తాలు లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడండి.