టైపింగ్ పనిలోకి దిగుతున్న సుమతికి

చిరంజీవి సుమతికి పెద్దమ్మ ఆశీస్సులు.

జంతువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా టైపింగ్ పని, అంటే ఏది ఏ వంశానిదో తేల్చే పని, నీకు అప్పజెప్పారని చదివి సంతోషం వేసింది. అన్ని పద్ధతుల్లో ఏది మంచిదో చెప్పమన్నావు. అది తర్వాత. ముందు నీ దగ్గరున్న ఐసొలేట్ల (నమూనాల నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా) గురించి ఏం తెలుసుకోవాలో తేల్చుకో. అది తేలకుండా డీఎన్‌ఏ చదివే సీక్వెన్సర్ ఎక్కిస్తే బోలెడు డేటా వస్తుంది గానీ జవాబు రాదు.

విరేచనాలు తెప్పించే క్యాంపిలోబ్యాక్టర్ సంగతే చూడు. కోళ్లలో, పశువుల్లో, గొర్రెల్లో, అడవి పక్షుల్లో ఉంటుంది. మనుషుల్లో వచ్చే కేసులు వీటిలో ఎటువైపు నుంచి ఎక్కువ వస్తున్నాయో అంచనా వేయాలంటే ఏడు జన్యువుల ఎంఎల్‌ఎస్‌టీ అనే పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఒక్కో జన్యువులో ఒక ముక్క చదువుతాం, ఏడూ కలిపితే సుమారు 3,300 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు). కొత్త వరుస కనబడితే కొత్త అల్లీల్ (ఆ జన్యువు రూపం) నంబరు, ఏడు నంబర్లు కలిస్తే ఒక ఎస్‌టీ, అంటే సీక్వెన్స్ టైపు. ఒక్క బేస్ మారినా, పది మారినా కొత్త నంబరు ఒక్కటే. చూడ్డానికి ఇది చాదస్తంలా ఉంటుంది. కానీ ఈ బ్యాక్టీరియా బయటి డీఎన్‌ఏ ముక్కల్ని ఇట్టే లోపలికి తీసుకుంటుంది, ఆ పది మార్పులూ ఒకే దెబ్బకు వచ్చి ఉండొచ్చు. వాటిని పదిగా లెక్కపెడితే దగ్గరి చుట్టాలు కూడా దూరంగా కనిపిస్తారు.

ఇదే పద్ధతిని సాల్మొనెల్లా ఎంటరిటిడిస్ మీద పెట్టావనుకో, చాలా మటుకు ఎస్‌టీ 11 అనే వస్తుంది. ఒకేసారి జబ్బుపడ్డ వాళ్లలో ఎవరి ఐసొలేట్ ఎవరిదానితో కలుస్తుందో దాంతో తేలదు. అక్కడ పూర్తి జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, చదవాల్సిందే. తర్వాత దాదాపు అన్నిటిలో ఉండే సుమారు 3,000 జన్యువులతో కోర్ జీనోమ్ ఎంఎల్‌ఎస్‌టీ చేస్తావో, స్నిప్‌లు (ఒక్కో బేస్ తేడాలు) లెక్కపెడతావో నీ ఇష్టం. బ్రూసెల్లాలో, బ్యాక్టీరియాను గుర్తించడానికి మామూలుగా చూసే 16ఎస్ జన్యువు చూసి జాతిని తేల్చుకుందామనుకోకు, జాతుల మధ్య అందులో తేడా దాదాపు లేదు. దానికి ఎంఎల్‌వీఏ (డీఎన్‌ఏలో పదేపదే వచ్చే ముక్కల్ని లెక్కపెట్టే పద్ధతి) గానీ పూర్తి జీనోమ్ గానీ కావాలి.

పీఎఫ్‌జీఈ (ఎంజైముతో కోసిన డీఎన్‌ఏ ముక్కల్ని జెల్‌లో చారలుగా చూపే పద్ధతి) పాత ఫొటోలు బీరువాలో కనిపిస్తే నవ్వి పక్కన పెట్టకు. అమెరికాలో 1996లో మొదలైన పల్స్‌నెట్ (ఆహారంతో వచ్చే జబ్బుల్ని పట్టే ల్యాబుల నెట్‌వర్క్) 2019లో పూర్తి జీనోమ్‌కు మారేదాకా వాటి మీదే నడిచింది. పందుల్లో దొరికిన ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ మందుకు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్) ఎస్‌టీ398 కథ కూడా అక్కడిదే. మామూలుగా వాడే స్మా-వన్ ఎంజైము దాని డీఎన్‌ఏను కోయలేకపోయేది, ఎందుకంటే కోయాల్సిన చోట మిథైలేషన్ (డీఎన్‌ఏ మీద చిన్న రసాయన గుర్తు) ఉంది. అలా 'టైప్ కానివి' అని రాసిపెట్టుకున్నవన్నీ ఒక గుంపుగా పోగుపడ్డాకే అది బయటపడింది. అంచేత పద్ధతి పనిచేయని ఐసొలేట్‌ను పారేయకు, ఎందుకు పనిచేయలేదో కూడా రాసిపెట్టు.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. టైపులు కలిశాయంటే రెండూ ఒకే వంశానివని మాత్రమే అర్థం. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఎవరు ఎవరి కొడుకో తెలియదు కదా. ఆవులోనూ, దాన్ని చూసుకునే మనిషిలోనూ ఒకే టైపు దొరికితే ఆవు నుంచి మనిషికి వచ్చి ఉండొచ్చు, మనిషి నుంచి ఆవుకు పోయి ఉండొచ్చు, ఇద్దరికీ మూడో చోటు నుంచి అంటి ఉండొచ్చు. ఇందాకటి ఎస్‌టీ398 వంశాన్నే తీసుకో. పందుల నుంచి మనుషులకు వచ్చిందనే అందరూ అనుకున్నారు. 2012లో వచ్చిన జీనోమ్ అధ్యయనం ప్రకారం ఆ వంశం మొదట మనుషుల్లోనే, మెథిసిలిన్‌కు లొంగే రూపంలో ఉండి, పశువుల్లోకి దూకాక మెథిసిలిన్, టెట్రాసైక్లిన్ నిరోధకతలు సంపాదించుకుని ఉండాలి. దిక్కు తేలాలంటే తేదీలు, ఎవరు ఎవరితో మెలిగారన్న వివరం, రకరకాల చోట్ల తీసిన నమూనాలు కావాలి. కోళ్ల నమూనాలు మాత్రమే సేకరిస్తే నీ లెక్కలో ప్రతి కేసూ కోడి ఖాతాలోకే పోతుంది.

స్నిప్‌ల తేడా ఇన్నిలోపు ఉంటే ఒకే మూలం అని ఎవరైనా ఒక అంకె చెబితే, ఏ బ్యాక్టీరియాకు, ఎంత కాలానికి అని అడుగు.

బెంచి దగ్గర కొన్ని. పేడ నమూనా నుంచి తీసిన ప్లేటు మీద ఒక కాలనీ మాత్రమే ఏరకు, ఒకే జంతువులో రెండు మూడు టైపులు ఉండటం మామూలే. ఏరిన ప్రతిదాన్నీ మళ్లీ కొత్త ప్లేటు మీద గీత గీసి శుద్ధి చేసుకో. క్యాంపిలోబ్యాక్టర్ జీనోమ్ 16 లక్షల బేస్‌ల చుట్టుపక్కల ఉంటుంది. అసెంబ్లీ (చదివిన ముక్కలన్నీ అతికించిన జీనోమ్) 25 లక్షలు చూపించిందంటే ఇంకేదో కలిసింది, టైపు నంబరు వచ్చినా నమ్మొద్దు. ఒకే స్థానంలో రెండు బేస్‌లు సగం సగం కనిపించినా ముందు కల్తీనే అనుమానించు.

బ్రూసెల్లా అని ఏమాత్రం అనుమానమున్నా మామూలు బెంచి మీద మూత తీయకు. ప్లేటు వాసన చూసే పాత అలవాటు నీ సీనియర్లలో ఎవరికైనా ఉంటే, నువ్వు నేర్చుకోకు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు గాలి ద్వారా ఇట్టే అంటుకునే జబ్బుల్లో అది ముందుంటుంది. వేడితో చంపిన నమూనాను బయటికి తెచ్చే ముందు నిజంగా చచ్చిందో లేదో ప్లేటు మీద వేసి చూడు.

ట్యూబు మీద నంబరు ఒక్కటే రాసి ఊరుకోకు. ఏ జంతువు, ఏ నమూనా, ఏ రోజు అన్నది రిజిస్టర్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉండాలి. అసలు కల్చర్‌ను గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర రెండు ట్యూబులుగా దాచు. రిపోర్టులో 'ఆవు నుంచి సోకింది' అని రాయమని పైవాళ్లు ఒత్తిడి పెడితే టెన్షన్ పడకు. 'ఆవు ఐసొలేట్‌తో దగ్గరి సంబంధం ఉంది' అని రాసి, ఎన్ని అల్లీళ్లలో తేడా ఉందో పక్కనే రాసెయ్. మొదటి ట్రీ (ఐసొలేట్ల వంశవృక్షం) గీశాక నాకు పంపు, నమూనాల పట్టికతో సహా.

ఇట్లు
మీ పెద్దమ్మ