అంబరంలో చిక్కిన చిమ్మట

సందేహం: "అంబరంలో చిక్కుకున్న పది కోట్ల ఏళ్ల నాటి చిమ్మట శిలాజం" అని ఒక వార్తలో చదివాను. ఆకాశంలో చిమ్మట చిక్కుకోవడమేమిటి? ఈ 'అంబరం' సరైన మాటేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: చిక్కుకున్నది ఆకాశంలో కాదమ్మా, అనువాదంలో. అంబర్ అంటే చెట్టు కార్చిన జిగురు యుగాలపాటు గట్టిపడిన మణి. ఆ 'అంబర్' చివర సున్న తగిలిస్తే తెలుగైపోతుందని రాసినవారి ధీమా. సంస్కృతంలో అంబరమంటే ఆకాశం, వస్త్రం. (బట్టలో చిమ్మట అంటే కనీసం నమ్మేవాళ్లం!) ఇంగ్లీషు అంబర్‌కు మూలం అరబీ 'అన్‌బర్'. అది తిమింగలం కడుపులో పుట్టే సుగంధద్రవ్యం పేరు. రెండూ సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చేవే కాబట్టి ఆ పేరే దీనికీ అంటుకుంది కాబోలు.

పోనీ, మనకు మాట లేదా? బంగారంలాంటి మాట ఉంది: తృణమణి. తృణమంటే గడ్డిపరక. ఈ మణిని ఉన్నిగుడ్డతో గట్టిగా రుద్ది, ఎండుగడ్డి తునక దగ్గర పెట్టి చూడండి. తునక చటుక్కున లేచి అంటుకుంటుంది. ఫార్సీవాళ్లూ ఇది చూసే 'కాహ్‌రుబా' అన్నారు: కాహ్ అంటే గడ్డి, రుబా అంటే లాక్కుపోయేది. అరబీలో ఇవాళ్టికీ కరెంటును 'కహ్రబా' అనే అంటారు. గ్రీకులకు ఇది 'ఎలెక్ట్రాన్'. 1600లో విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త లాటిన్‌లో 'ఎలెక్ట్రికస్' (అంబర్‌లా లాగేది) అని వాడింది ఆ మాటనుంచే. ఎలక్ట్రిసిటీ ఆ దారినే వచ్చింది. ఇంత కథ ఉన్న మాటను మూలన పడేసి ఆకాశాన్ని కిందికి లాగడమెందుకు? పొల్లుతో 'అంబర్' అని రాస్తే నాకు పేచీ లేదు. 'తృణమణి' అని రాస్తే మరీ సంతోషం. ఎంతమందికి అర్థమవుతుందంటే మాత్రం కాస్త తటపటాయిస్తాను.

పది కోట్ల లెక్క మయన్మార్ అంబర్‌కైతే సరే, బాల్టిక్ సముద్రతీరపు అంబర్ అంత పాతది కాదు.

'శిలాజం' దగ్గర కూడా నాకు చిన్న గుంజాటన. ఇక్కడ శిల ఏదీ? గట్టిపడింది చెట్టు కార్చిన జిగురు. లాటిన్ 'ఫోసిలిస్' అంటే తవ్వి తీసినది, దానికి ఈ చిక్కు లేదు. కానీ శిలాజం పాతుకుపోయింది, కదిలించను.

చిమ్మట అంటే కొందరికి రాత్రంతా రొదచేసే పురుగు, కొందరికి దీపం చుట్టూ తిరిగేది. శలభమందామంటే మనవాళ్లకు మిడత గుర్తొస్తుంది. అమరకోశమేమో "సమౌ పతంగ శలభౌ", అంటే పతంగమూ శలభమూ ఒకటే అని తేల్చేసింది. దీపం చుట్టూ తిరిగేదాన్ని రెక్కలమీది పొడిని చూసి పోల్చుకోవాలి. వేలికి అంటుకునే ఆ పొడి నిజానికి సన్నని పొలుసులు. జిగురుకు అంటుకున్న చిమ్మట ఒక్కోసారి పొలుసులు వదిలి తప్పించుకునేది. అలా పొలుసులు మాత్రమే మిగిలిన అంబర్ ముక్కలూ దొరికాయి. వాటిలో చిమ్మటా లేదు, శిలా లేదు. వాటినేమనాలో ఇంకో ఉత్తరంలో అడగండి.