‘ఒక్క బూతు మాట కూడా అనలేదుగా’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: అక్కా, గుంటూరు అరండల్‌పేటలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తున్నాను. అక్కడ ఒకతను నోట్స్ పీడీఎఫ్‌లు పంపుతానని నా నంబరు తీసుకున్నాడు. తర్వాత రోజూ గుడ్ మార్నింగ్‌లు, ‘తిన్నావా’, ‘పసుపు చుడీదార్ బాగుంది’. ఇష్టం లేదు, మెసేజ్ చేయొద్దని రాశాను. వాట్సాప్‌లో బ్లాక్ చేస్తే ఇన్‌స్టాలో వచ్చాడు, అక్కడ చేస్తే కొత్త అకౌంట్. ఇప్పుడు ఫోన్‌పేలో రూపాయి వేసి ‘ప్లీజ్ మాట్లాడు’ అని రాస్తున్నాడు. అడిగితే ‘నేనేమైనా బూతులు అన్నానా’ అంటాడు. అమ్మ కోచింగ్ మానెయ్యమంటోంది, బావ వెళ్లి నాలుగు తగిలిస్తానంటున్నాడు. ఇది సైబర్ స్టాకింగ్ కిందికి వస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వస్తుంది. బూతులు ఉన్నాయా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. ఆడపిల్ల ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా మళ్లీ మళ్లీ మాట కలపడానికి వెంటపడటమే స్టాకింగ్, అది సందు చివర అయినా ఫోన్లో అయినా. 2013లో ఐపీసీలో (పాత శిక్షాస్మృతి) 354డి అనే సెక్షన్ చేర్చారు, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 78వ సెక్షన్. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలు, జరిమానా, మళ్లీ అదే పని చేస్తే అయిదేళ్ల వరకు. మొదటిసారి మాత్రం బెయిలు ఇచ్చే నేరమే, కాబట్టి ఫిర్యాదు ఇచ్చిన రాత్రే లోపలేస్తారని ఆశ పెట్టుకోకు.

నువ్వు ‘వద్దు’ అని రాసిన ఆ మెసేజ్ ఉంది చూడు, నీ కేసుకి అదే ప్రాణం, దాన్ని పొరపాటున కూడా డిలీట్ చేయకు. ఆ తేదీ తర్వాత అతను పంపిన ప్రతిదీ, ‘తిన్నావా’ అన్నది కూడా, సాక్ష్యమే. మళ్లీ జవాబివ్వకు, తిట్టను కూడా తిట్టకు. స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైము, యూజర్‌నేమ్ కనపడాలి, ప్రొఫైల్ లింకు విడిగా రాసిపెట్టుకో, ఎందుకంటే ఇలాంటివాళ్లు ఫొటో, పేరు పూటకోసారి మారుస్తారు. ఇవన్నీ అయ్యాకే బ్లాక్, రిపోర్టు. అసలు ఫోన్ కూడా అమ్మేయకు, మార్చేయకు.

ఆ రూపాయి సంగతి నాకు భలే నచ్చింది. ఇన్‌స్టాలో దొంగ పేరు పెట్టుకోవచ్చు గానీ యూపీఐ వెనక బ్యాంకు ఖాతా ఉంటుంది, ఖాతా వెనక మనిషి ఉంటాడు, అంటే తెలివి ఎక్కువై తన చిరునామా తానే రాసిచ్చాడన్నమాట! ఆ లావాదేవీలు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకో.

ఫిర్యాదు మీ పేట స్టేషన్‌లో ఇవ్వొచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఇవ్వొచ్చు. ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా నమోదు చేసే కేసు) రాసి సంబంధిత స్టేషన్‌కి పంపాల్సింది వాళ్లే. అందరూ 1930 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమంటారు, అది ముఖ్యంగా డబ్బు పోయినవాళ్ల కోసం. అతను ఎదురుగా వచ్చి బెదిరిస్తే అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యి.

బావని మాత్రం ఆపు. బావ కొడితే కేసు బావ మీదే అవుతుంది, నీది పక్కకి పోతుంది. ఆ వెంటపడేవాడి ఫొటో పెట్టి ‘వీడే’ అని స్టేటస్ వేయడం కూడా వద్దు. కోచింగ్ మానెయ్యాల్సింది నువ్వెందుకో అమ్మని అడుగు, ఫీజు కట్టింది మీరే కదా!

ప్రశ్న: మాది విజయవాడ పటమట. నిశ్చితార్థం అయింది, శ్రావణంలో పెళ్లి. ఆయన కొత్త ఫోన్ కొని, అన్నీ తనే సెట్ చేసి ఇచ్చారు. నేను స్నేహితురాలికి రాసిన మాటలు మర్నాడు ఆయన నోట వింటున్నాను. కాబోయే భర్త కాబట్టి తప్పు కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పే అమ్మా. అదే 78వ సెక్షన్‌లో రెండో ముక్క ఇది: స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్, ఫోన్ మెసేజ్‌ల వాడకం మీద నిఘా పెట్టడం కూడా స్టాకింగే. నేరాలు పట్టుకునే బాధ్యత ఉన్నవాళ్లకి, చట్టం ప్రకారం చేసేవాళ్లకి మినహాయింపులు రాశారు గానీ, ఉంగరం తొడిగినవాడికని విడిగా ఏమీ రాయలేదు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైజెస్’ తెరిచి చూడండి. మీది కాని కంప్యూటరో ఫోనో ఉంటే ముందు స్క్రీన్‌షాట్, తర్వాత లాగౌట్. గూగుల్ ఖాతాలో ఏయే ఫోన్లు ఉన్నాయో, మ్యాప్స్‌లో లొకేషన్ ఎవరికి షేర్ అవుతోందో చూడండి, పాస్‌వర్డ్ మార్చి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. లాగౌట్ చేయగానే ఆయనకి తెలిసిపోతుంది, అందుకే అంతకుముందే మీ నాన్నగారికో అక్కయ్యకో చెప్పి ఉంచండి, ఈ ఫోన్ నుంచి కాకుండా. ఇక ‘ప్రేమ ఎక్కువై చేశాడు’ అని ఎవరైనా అంటారు చూడండి, నాకైతే ఒళ్లు మండుతుంది. శుభలేఖలు వేయించకముందే పెద్దల్ని కూర్చోబెట్టి ఈ మాట తేల్చుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను మగవాణ్ణి. నా ఫొటోతో దొంగ అకౌంట్ తెరిచి మా ఆఫీసువాళ్లకి చెత్త మెసేజ్‌లు పంపుతున్నారు. మాకు చట్టాలు లేవా?
– ఒక పాఠకుడు, బెంజి సర్కిల్

జవాబు: ఉన్నాయి బాబూ, కాకపోతే 78 కాదు. ఆ సెక్షన్ స్త్రీని వెంటాడే మగవాడి గురించే. నీ పేరు, ఫొటో వాడి నువ్వే అన్నట్టు మోసం చేస్తే ఐటీ చట్టం 66డి, పాస్‌వర్డో డిజిటల్ సంతకమో కాజేస్తే 66సి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. చంపుతామనో పరువు తీస్తామనో భయపెడితే న్యాయ సంహిత 351. ఎవరో ఆన్‌లైన్ అభ్యంతరకర మెసేజ్‌లకి ఉండిన 66ఏ పెట్టమని సలహా ఇస్తారు, దాన్ని 2015 మార్చిలోనే సుప్రీంకోర్టు కొట్టేసింది, ఫిర్యాదులో రాయకు.

పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, ఆ నంబరు వేసి ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ పెట్టు: అది నా అకౌంట్ కాదు, మెసేజ్ వస్తే డిలీట్ చేయకుండా నాకు పంపండి అని.