ఇంజినీరింగ్ చదువు తెరచాప పడవ మీద పనికొస్తుందా?

బరంపురంలో మెకానికల్ సెకండియర్, ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో తెరచాప పడవ నడిపే సెయిలింగ్ పిచ్చి పట్టుకుంది, ఇంట్లో ఏదో ఒకటే చెయ్యమంటున్నారు, ఇంజినీరింగ్ చదివి పెద్ద స్థాయికి వెళ్ళినోళ్ళు ఉన్నారా అని అడిగావు కదా తమ్ముడూ. ఉన్నారు. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ చదివింది ఎస్‌ఆర్‌ఎంలో మెకానికల్ ఇంజినీరింగే. 2020లో మయామీ వరల్డ్ కప్‌లో కంచు పతకం, 2021 ఏప్రిల్‌లో ఒమన్ పోటీలో ఆడి టోక్యో ఒలింపిక్స్‌కి క్వాలిఫై అయింది, సెయిలింగ్‌లో అలా అర్హత తెచ్చుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడే, 2024లో పారిస్ కూడా వెళ్ళింది.

ఇక చదువు పనికొస్తుందా అంటే నాకు జరిగింది చెప్తాను. మాది గోపాల్‌పూర్ దగ్గర, నాన్నది చేపల వేట. నేనూ మెకానికలే. ఎన్‌సీసీలో ఉండగా చిలికా సరస్సులో ఎంటర్‌ప్రైజ్ అనే పడవ ఎక్కాను, నీలం తెరచాపలుంటాయి, ఇద్దరు నడిపే పడవ. తెరచాప అంటే నిలబెట్టిన విమానం రెక్క లాంటిదని, పడవ అడుగున నీళ్ళలోకి దిగే పలక, సెంటర్‌బోర్డ్, పక్కకి జారనివ్వదు కాబట్టే గాలికి ఎదురు కూడా సుమారు 45 డిగ్రీల్లో వంకర్లు కొడుతూ పోగలమని క్లాసులో చదివే ఉన్నాను. ఒకరోజు గాలి ఎలా పారుతోందో చూపించడానికి తెరచాపకి అతికించిన ఉన్ని దారాలు రెండు వైపులా సమంగా వెనక్కి ఎగురుతున్నాయా లేదా అని వాటినే చూస్తూ తాడు బిగబట్టి కూర్చున్నా, గాలి ఒక్కసారి కొట్టింది, తాడు వదల్లేదు, పడవ బోల్తా. చిలికా లోతు తక్కువ కదా, తెరచాప స్తంభం కొస వెళ్ళి బురదలో దిగబడింది, పైకి లేపేసరికి నీలం గుడ్డ మీద మూరెడు నల్లటి బురద. ఇంటికెళ్ళి చెప్తే నాన్న ఒక్కటే అడిగాడు, "నీటి రంగు చూళ్ళేదేట్రా?" అని. గాలి వచ్చే ముందు నీళ్ళ మీద నల్లటి గరుకు మచ్చ పరిగెత్తుకొస్తుంది, అది కనిపిస్తే తాడు చేతిలో సిద్ధంగా ఉండాలి, ఇది నాకు ఏ సిలబస్‌లోనూ లేదు.

అలాగని చదువు దండగ కాదు. నేత్రా ఆడే ఐఎల్‌సీఏ 6 అనే ఒక్కరే నడిపే పడవల పోటీలో పడవలన్నీ ఒకటే, 4.23 మీటర్ల పొడవు, 5.76 చదరపు మీటర్ల తెరచాప, పడవని మార్చడానికి నీకు హక్కు లేదు. నీ చేతిలో ఉండేది నీ ఒళ్ళు, కొన్ని తాళ్ళు, అంతే. తెరచాప ముందు అంచుని కిందికి బిగించే కనింగ్‌హామ్ తాడు లాగితే తెరచాప పొట్ట ముందుకి జరుగుతుంది, గట్టి గాలిలో పడవ ఒరగడం తగ్గుతుంది. ఎందుకో తెలిసినోడు ఒక్కో తాడే మార్చి, గాలి ఎంత, ఏం మార్చాను, పడవ ఏం చేసింది అని నోట్‌బుక్‌లో రాస్తాడు. నాకు ఆ అలవాటు ల్యాబ్ రికార్డుల నుంచే వచ్చింది, బోల్తా పడ్డాక నీటి రంగు కూడా అందులో రాయడం మొదలెట్టాను. పడవ ఒరక్కుండా కాళ్ళు స్ట్రాప్‌లో పెట్టి బయటికి వేలాడేటప్పుడు తొడలు మండుతాయే, దానికి మాత్రం రోజూ వ్యాయామం తప్ప దారి లేదు.

ఇంట్లో విషయం అంటావా, మా అమ్మ అయితే ఏడ్చింది, సముద్రం మీద బతుకు మాతోనే ఆగాలని చదివిస్తే మళ్ళీ పడవేనా అని. నేను వాదించలేదు, సెమిస్టర్ మార్కులు తగ్గనివ్వలేదు, ఒక ఆదివారం ఇద్దర్నీ చిలికా ఒడ్డునున్న రంభ ఊరికి తీసుకెళ్ళి ఒడ్డున కూర్చోబెట్టి పడవ తీశాను. తిరిగొచ్చేసరికి నాన్న మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి వచ్చి పడవ ముక్కు పట్టుకున్నాడు.